చేపల గదికి బ్యాటరీ పెట్టబోయి ఐసు పలకలు పెట్టొచ్చాను

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో మొదటి తప్పు నాదే. విశాఖలో చాలా ఏళ్లుగా ఇన్వర్టర్లు, బ్యాటరీలు బిగిస్తున్నాను, ఈ మధ్య సోలార్ కూడా. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లు, గాజువాక వెల్డింగ్ షాపులు, చిన్న క్లినిక్కులు ఎన్నో చేశాను కాబట్టి ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల గది (చేపల్ని నిల్వ ఉంచే చల్లగది) పని వచ్చినప్పుడు, ఇందులో ఏముందిలే అనుకున్నాను. ఆ ధీమాయే కొంప ముంచింది.

కస్టమర్ ఒక పెద్దావిడ. వేకువన హార్బర్లో వేలం పాడి సరుకు కొంటుంది, కొంత అప్పుడే అమ్మేసి మిగిలింది గదిలో పెట్టుకుంటుంది. రొయ్యలు, చందువాలు, వంజరాలు అన్నీ కలిపి రోజుకి ఐదారు వందల కిలోల సరుకు ఉంటుంది. గది 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. గోడలు, పైకప్పు 80 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (వేడి లోపలికి రాకుండా మధ్యలో నురుగు నింపిన పలకలు). సింగిల్ ఫేజ్ 2 హెచ్‌పీ కంప్రెసర్. లోపల సున్నా నుంచి 2 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతే ఒక పాత డీజిల్ జనరేటర్ ఉంది గానీ, అర్ధరాత్రి దాన్ని హ్యాండిల్ తిప్పి లేపేవాడు దొరకడు. లేచినా, ఇంత చిన్న లోడుకి లీటరు డీజిల్ మీద రెండు మూడు యూనిట్లు వస్తే గొప్ప. అంటే యూనిట్ ముప్పై నుంచి యాభై రూపాయల దాకా పడుతున్నట్టు లెక్క. పైగా ఆ పొగ. "ఆ దెయ్యాన్ని తీసేసి బేటరీ పెట్టు బాబూ" అంది ఆవిడ.

అంతకుముందు ఎవరో నాలుగు ట్యూబులర్ (సీసం) బ్యాటరీలకి కొటేషన్ ఇచ్చి వెళ్లారట. అది వద్దన్నాను, ఆ మాట వరకు నేను కరెక్టే. సీసం బ్యాటరీ మీద 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని రాసి ఉన్నా, అది నెమ్మదిగా, పది ఇరవై గంటల పాటు వాడుకుంటే వచ్చే లెక్క. గంటా రెండు గంటల్లో పిండేద్దామంటే అంత ఇవ్వదు. రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా చస్తుంది. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి గాలాడే చోటు కావాలి. డిస్టిల్డ్ వాటర్ పోయడం ఎవరికి గుర్తుంటుంది చెప్పండి, చేపల బేరం మధ్యలో? అందుకని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టాను. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, అలాంటివి 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు, 100 ఏహెచ్, మొత్తం 5.12 యూనిట్లు. దానికి 5 కేవీఏ ఇన్వర్టర్.

నా లెక్క ఇలా నడిచింది. కంప్రెసర్ ఆడేటప్పుడు సుమారు 1.8 కిలోవాట్లు తీసుకుంటుంది. రాత్రి తలుపు మూసి ఉంటే గంటలో పావుగంట ఆడితే చాలు, అంటే సగటున 450 వాట్లు. లోపలి ఫ్యాన్లు, లైట్లు, కంట్రోలర్, కెమెరా అన్నీ కలిపి ఇంకో 220. మొత్తం 670. బ్యాటరీలో 80 శాతం వాడుకున్నా 4.1 యూనిట్లు, ఆరు గంటలు హాయిగా వస్తుంది. కాగితం మీద ఇందులో పెద్ద తప్పేమీ లేదు, ఇప్పటికీ లేదు.

బిగించిన తొమ్మిదో రోజు రాత్రి 1.40కి కరెంటు పోయింది. 2.10కి నాకు ఫోన్. గోపాలపట్నం నుంచి బండి మీద వెళ్లేసరికి మూడు కావొస్తోంది. ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు, గదిలో చీకటి, ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. రీసెట్ కొట్టాను. లైట్లు వచ్చాయి, ఫ్యాన్లు తిరిగాయి, మూడు నిమిషాలకి కంప్రెసర్ ఒక్కసారి 'గుర్ర్' మంది, అంతే, మళ్లీ అంతా చీకటి. ఇంకోసారి కొట్టాను. అదే వరస.

ఏం జరిగిందో నాకు అక్కడే తట్టింది, తట్టాక ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ కంప్రెసర్ తిరిగేటప్పుడు 9 ఆంపియర్లే తీసుకుంటుంది గానీ, నిద్రలేచేటప్పుడు ఆ క్షణానికి ఐదారు రెట్లు లాగుతుంది, 50 ఆంపియర్లు అనుకోండి. 5 కేవీఏ ఇన్వర్టర్ ఇవ్వగలిగింది 22. కొన్ని క్షణాల పాటు రెట్టింపు ఇస్తుంది, 43 దాకా. అలా ఇవ్వాలన్నా బ్యాటరీ వైపు నుంచి 200 ఆంపియర్లు రావాలి, ప్యాక్ లోపలి బీఎంఎస్ బోర్డు 100 దాటగానే తాళం వేసేస్తుంది. వేయాలి కూడా, సెల్స్‌ని కాపాడటమే దాని పని. అది తాళం వేయగానే కంప్రెసర్‌తో పాటు లైట్లు, ఫ్యాన్లు అన్నీ పోయాయి. బిందె ఎన్ని లీటర్లదో చూసుకున్నాను, మూతి ఎంత వెడల్పో చూసుకోలేదు. యూనిట్లు వేరు, కిలోవాట్లు వేరు. ఈ ముక్క పదిమందికి పాఠం చెప్పినవాణ్ని నేనే.

పగలు టెస్ట్ చేశాను కదా, అప్పుడెందుకు పట్టుబడలేదంటే, టెస్ట్ చేసినప్పుడు కంప్రెసర్ అప్పటికే చాలాసేపు ఆగి ఉంది, లోపల ప్రెషర్లు సమానమై తేలిగ్గా లేచింది, ఇన్వర్టర్ అంచున బయటపడింది. రాత్రి అది ఆడుతుండగా కరెంటు పోయింది. కంట్రోలర్లో డిలే (కంప్రెసర్ ఆగాక మళ్లీ లేపే ముందు ఆగే టైం) మూడు నిమిషాలే ఉంది, ఆ లోపల హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ నెట్టే వైపు ఒత్తిడి) దిగలేదు. నేను మూడింటికి రీసెట్ కొట్టేసరికి ప్రెషర్లు దిగే ఉంటాయి గానీ, అసలే అంచు మీదున్న ఇన్వర్టర్, ఈసారి గట్టెక్కలేదు.

సరే, చేపల సంగతి. పెద్దావిడ నా కోసం కూర్చోలేదు. నేను దారిలో ఉండగానే పక్క వీధి ఐసు ఫ్యాక్టరీ నుంచి నాలుగు దిమ్మలు తెప్పించి, గోనె సంచిలో వేసి కర్రతో చితక్కొట్టించి, ట్రేల పైన పోయించింది. నేను పొద్దున్న టెంపరేచర్ లాగర్ తీసి చూస్తే కథంతా అందులో ఉంది. 1.40కి 1 డిగ్రీ. మూడు అయ్యేసరికి 9, తలుపు తీయడం మూయడం వల్ల. ఐసు పడ్డాక 4కి దిగి, ఐదున్నరకి కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చుంది, గీత గీసినట్టు.

"నీ బేటరీ తొంగుండిపోనాది బాబూ, నా ఐసే కాసింది" అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికెళ్లి ఆ గీత గురించే ఆలోచించాను. కిలో ఐసు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి తాగాలి. వంద కిలోల ఐసు అంటే 33.4 మెగాజౌళ్లు. ఒక యూనిట్ 3.6 మెగాజౌళ్లు కాబట్టి, వంద కిలోల ఐసులో 9.3 యూనిట్ల చల్లదనం దాగి ఉంది. అంత చల్లదనం కంప్రెసర్ చెయ్యాలంటే 3.7 యూనిట్ల కరెంటు కావాలి, ఒక యూనిట్ కరెంటుకి రెండున్నర యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది అనుకుంటే. ఇన్వర్టర్ నష్టాలు, బ్యాటరీలో అట్టడుగున వాడకూడని భాగం కలిపితే 5 యూనిట్ల ప్యాక్. అంటే నేను అంత ఖర్చు పెట్టించి గోడకి తగిలించిన పెట్టె, వంద కిలోల గడ్డకట్టిన నీళ్లు ఈ గది వరకు ఒకటే. నీళ్లకి స్టార్టింగ్ కరెంటు అక్కర్లేదు, బీఎంఎస్ అక్కర్లేదు.

స్టోరేజీ అనగానే మాకు, అంటే ఈ లైన్లో ఉన్నవాళ్లకి, బ్యాటరీ తప్ప ఇంకోటి తట్టదు. కరెంటుని రసాయనంగా మార్చి దాచి, మళ్లీ కరెంటు చేసి, దాంతో కంప్రెసర్ తిప్పి, చల్లదనం చేసేబదులు, కరెంటు ఉన్నప్పుడే చల్లదనం చేసి దాన్నే దాచేస్తే పోలా? ఇళ్లలో మనం చేసేదే ఇది. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నింపి ఉంచుతాం. సరదాకి లెక్క వేయండి. 12 మీటర్ల ఎత్తున వెయ్యి లీటర్లు అంటే 0.033 యూనిట్, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకి మూడున్నర గంటల పైన కాస్త వస్తుంది, అంతే. శక్తిగా చూస్తే అది ఏమీ కాదు. కానీ కరెంటు పోయినా స్నానం ఆగదు. ఎందుకంటే మనం దాచింది కరెంటు కాదు, దాంతో చేయించుకోవాల్సిన పనిని ముందే చేయించుకున్నాం.

మరి రోజూ ఐసు దిమ్మలే తెచ్చుకుంటే సరిపోదా అంటారేమో. ఆవిడ ఏళ్ల తరబడి చేసింది అదే. రాత్రిపూట మనిషి దొరకాలి, దిమ్మ మోయాలి, కొట్టాలి, కరిగిన నీళ్లు గదంతా. పైగా కరెంటు ఎక్కువసేపు పోతే ఐసు ఫ్యాక్టరీకీ అదే గతి. ఇంకా పెద్ద ఇన్వర్టర్, ఇంకో రెండు ప్యాకులు పెట్టొచ్చు, నా తప్పుకి ఆవిడ చేత డబ్బు కట్టించే ధైర్యం లేదు. స్పీడు తగ్గించి పెంచే రకం కంప్రెసర్ పెడితే ఈ స్టార్టింగ్ గొడవే ఉండదు, కొత్తగా గది కట్టేవాళ్లకి నేనిప్పుడు అదే చెబుతున్నాను. ఉన్న మిషన్ బాగా పనిచేస్తుంటే మార్పించడం మాత్రం న్యాయం కాదు.

చివరికి పెట్టింది ఐసు పలకలు. ప్లాస్టిక్ పలకల్లో ఉప్పు ద్రావణం పోసి సీలు చేసి ఉంటుంది, సున్నాకి మూడు డిగ్రీల కింద గడ్డకట్టే రకం తీసుకున్నాం. మామూలు నీళ్లయితే సున్నా దగ్గర కరుగుతాయి, గది మూడు నాలుగు డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మొన్న రాత్రి దిమ్మలతో అయినట్టే. 4 కిలోల పలకలు 32, మొత్తం 128 కిలోలు. ఉప్పు కలిసింది కాబట్టి కిలోకి 280 కిలోజౌళ్లే వేసుకున్నాను. సుమారు 10 యూనిట్ల చల్లదనం వచ్చింది. గది గోడల నుంచి, తలుపు సందుల నుంచి వచ్చే వేడి 900 వాట్లు, ఫ్యాన్లది ఇంకో వంద. కాగితం మీద పది గంటలు.

పలకలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇంకో దెబ్బ తిన్నాం. గది ఒక డిగ్రీ దగ్గర ఉంటే అవి గడ్డకట్టవు. గదిని చల్లబరిచే కాయిల్ నుంచి బయటికొచ్చే గాలి మాత్రం మైనస్ ఐదారు ఉంటుంది, ఆ గాలి దారిలోనే పెట్టాలి. పఫ్ పైకప్పుకి 128 కిలోలు వేలాడదీస్తే ఊడి నెత్తిన పడుతుంది కాబట్టి కింది నుంచి స్టీల్ స్టాండు లేపాం, అదీ స్టెయిన్‌లెస్. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పెడితే ఆ ఉప్పు గాలికి రెండు సీజన్లు కూడా ఆగదు. స్టాండు లేచింది, పలకలు గడ్డకట్టాయి, సంతోషించాం. నాలుగో రోజు ఆవిడ పై ట్రేలోంచి ఒక రొయ్యని తీసి నా అరచేతిలో పెట్టింది. బొటనవేలితో నొక్కితే నొక్కుపడలేదు, పైన సన్నటి పొరలా గట్టిపడింది. చేప, రొయ్య సున్నా దగ్గర గడ్డకట్టవు, ఒకటి రెండు డిగ్రీల కింద మొదలవుతుంది. మైనస్ గాలి పలకల మీదుగా తిన్నగా పై ట్రేలకి తగులుతోంది. "ఫ్రెష్షు సరుకని చెప్పి ఇలాటిది చూపిత్తే కొంటాడేటి?" అంది. అడ్డంగా ఒక రేకు పెట్టి గాలిని పైనుంచి తిప్పి వదిలాం, గొడవ పోయింది. రేకు ఖర్చు నాలుగు వందలు.

మరి బ్యాటరీ? ఉంది, పని మారింది. కంప్రెసర్‌ని, డీఫ్రాస్ట్ హీటర్‌ని (కాయిల్ మీద పేరుకున్న మంచు కరిగించేది) బ్యాటరీ లైన్ నుంచి పూర్తిగా తీసేశాను, అవి మెయిన్స్ మీద మాత్రమే, కంప్రెసర్‌కి ఐదు నిమిషాల డిలే టైమర్, వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టాను. బ్యాటరీ మీద ఫ్యాన్లు, లైట్లు, కంట్రోలర్, కెమెరా. ఫ్యాను తిరగకపోతే పలకల్లో చల్లదనం పలకల్లోనే ఉంటుంది, గదికి చేరదు. 220 వాట్లు వీటికి, ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే ఇంకో 60 వాట్లు తింటుంది (ఈ 60ని ఎవరూ లెక్కలో వెయ్యరు, చిన్న లోడుకి పెద్ద ఇన్వర్టర్ పెట్టినవాళ్లు కరెంటు ఎటు పోతోందో తెలియక బ్యాటరీని తిడతారు). 4.1 యూనిట్లకి పద్నాలుగు గంటలు వస్తుంది. అంటే బ్యాటరీ కన్నా ముందు పలకలే అయిపోతాయి.

బ్యాటరీ గురించి ఇంకో మాట. నేను దాన్ని మొదట తగిలించిన గోడ కంప్రెసర్ కండెన్సర్ వేడి గాలి తగిలే గోడ. మే నెలలో రేకుల షెడ్డు కింద అసలే ఉడుకు, దానికి ఇది తోడు. వేడిలో ఉంచిన బ్యాటరీ ఏదైనా, సీసమైనా లిథియమైనా, ఆయుష్షు తరుక్కుపోతుంది. మారుస్తానంటే ఆవిడ "ఆ బేటరీని కూడా సల్లగదిలో పెట్టీ బాబూ, దానికీ సల్లగుంటాది" అంది. నవ్వొచ్చింది గానీ అడగాల్సిన ప్రశ్నే. లోపలి తేమకి టెర్మినళ్లు, బోర్డు పాడవుతాయి, పైగా సున్నాకి కింద లిథియం సెల్‌ని చార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుపోయి సెల్ దెబ్బతింటుంది. కాయిల్ దగ్గర పెడితే ఆ ప్రమాదం నిజంగానే ఉంది. చివరికి ఆఫీసు గదిలో, ఉత్తరం గోడకి మార్చాం.

మార్చడానికి విప్పినప్పుడు చూశాను, మూడు నెలలే అయింది, ఒక కేబుల్ లగ్గు (తీగ చివర తొడిగే లోహపు కొస) మీద అప్పుడే పచ్చటి చిలుము. పక్క లగ్గు దగ్గర ఇన్సులేషన్ కాస్త గోధుమ రంగుకి తిరిగింది. మీటర్ పెడితే 80 ఆంపియర్ల లోడులో ఆ ఒక్క జాయింటు దగ్గరే 0.4 వోల్టు పడిపోతోంది. అంటే 32 వాట్లు, సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, ఒక బోల్టు దగ్గర. క్రింపింగ్ (లగ్గుని తీగకి నొక్కి బిగించడం) మా కుర్రాడు చేత్తో చేశాడు, హైడ్రాలిక్ టూల్ బండిలోనే ఉంది. అన్ని లగ్గులూ కోసి మళ్లీ వేసి, పైన హీట్ ష్రింక్ స్లీవ్, టెర్మినళ్లకి పెట్రోలియం జెల్లీ. సముద్రానికి దగ్గర్లో పనిచేసేవాళ్లు ఇది మాత్రం బద్ధకించొద్దు.

టెస్టుకి మంచి టైం దొరికింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు కదలవు, గది దాదాపు ఖాళీ. చేపల బదులు నీళ్ల క్యాన్లు పేర్చి, మే నెల మిట్టమధ్యాహ్నం మెయిన్స్ దించేశాను. తలుపు మూసి ఉంచితే గది 4 డిగ్రీలు దాటడానికి ఏడున్నర గంటలు పట్టింది. నేను లెక్కేసిన పది రాలేదు. పలకల నడిమధ్య పూర్తిగా గడ్డకట్టలేదు, ఒకటి కోసి చూస్తే లోపల ఇంకా గుజ్జు. సాయంత్రం నుంచి తెల్లారేదాకా సెట్టింగ్ ఒక డిగ్రీ తగ్గించి కాయిల్ గాలిని ఇంకా చల్లగా చేస్తే కొంత మెరుగైంది, కరెంటు కూడా కొంత ఎక్కువ కాలింది. ఎంత చల్లటి గాలి కావాలంటే కంప్రెసర్ అంత కష్టపడుతుంది, అది ఫ్రీగా రాదు.

జులైలో అసలు పరీక్ష. తెల్లవారుజామున 4 గంటలకి, వేలం హడావుడిలో కరెంటు పోయింది. గంటలో నలభై సార్లు తలుపు తీశారు (కెమెరాలో లెక్కపెట్టాను), గది 6 డిగ్రీలకి వెళ్లిపోయింది, రెండు గంటల్లోనే. హార్బర్ గాలిలో తేమ ఎంతో తెలిసిందే కదా, తలుపు తీసిన ప్రతిసారీ ఆ తేమంతా లోపలికొచ్చి పలకల మీద నీరై తన వేడిని అక్కడ దించేస్తుంది. మర్నాడు తలుపుకి ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్ వేయించాం, కుర్రాళ్లు మొహానికి తగులుతోందని గొణిగారు. తర్వాతిసారి అదే హడావుడిలో గది మూడున్నర డిగ్రీలు దాటలేదు. మొత్తం పనిలో పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ పలికింది ఆ తెరే, నేను కొటేషన్‌లో రాయనిది కూడా అదే.

ఆవిడ చిన్నకొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మరి ఊరంతటికీ ఇలా దాచొచ్చా అని అడిగాడు. దాస్తున్నారు, కొండల మీద. గ్రిడ్‌లో ఏ క్షణం ఎంత వాడితే ఆ క్షణం అంతే తయారవ్వాలి, తేడా వస్తే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ కదిలిపోతుంది, తీగల్లో కరెంటు నిల్వ ఉండదు. మన ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ఉంది, సింహాద్రి థర్మల్ ప్లాంటు రిజర్వాయర్ మీద 2021 నుంచి 25 మెగావాట్లది ఉంది. అవి దంచేది మధ్యాహ్నం. జనం ఇళ్లకొచ్చి ఏసీలు వేసేది సూర్యుడు దిగాక. ఆ మధ్యాహ్నం కరెంటుతో కింది నీళ్లని పైకి తోడి, రాత్రి వదిలితే టర్బైన్ తిరుగుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో అలా రెండు వైపులా తిరిగే 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. మన సీలేరు ఎగువన 1,350 మెగావాట్లది కట్టాలని జెన్‌కో ప్లాన్. వంద మీటర్ల ఎత్తున ఒక ఘనపు మీటరు నీళ్లలో ఉండేది 0.27 యూనిట్ మాత్రమే, అందుకే దానికి చెరువంత నీళ్లు, కొండంత ఎత్తు కావాలి. వంద యూనిట్లు పెట్టి తోడితే డెబ్బై ఐదో ఎనభయ్యో వెనక్కొస్తాయి. లిథియం దీనికన్నా ఎక్కువే వెనక్కిస్తుంది, పైగా క్షణంలో స్పందిస్తుంది. ఢిల్లీ రోహిణిలో 2019లో 10 మెగావాట్ల బ్యాటరీ పెట్టింది అలాంటి పనులకే. గంటల తరబడి బోలెడంత కావాలంటే నీళ్లు, క్షణాల్లో కావాలంటే బ్యాటరీ. ఆవిడ గదిలో పలకలు, బ్యాటరీ పంచుకున్నదీ దాదాపు అలాగే.

పాత జనరేటర్‌ని పెద్దావిడ పారేస్తానంది, నేనే ఆపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. నేను బిగించిన బ్యాటరీలన్నీ మొదటి రాత్రికే ఖాళీ, చార్జ్ చేయడానికి కరెంటు లేదు, డీజిల్ కోసం బంకుల దగ్గర క్యూలు. ఏడు గంటలు దాచుకునే ఏర్పాటు ఏడు గంటలకే. అందుకని దానికి ఆయిల్ మార్చి, సెల్ఫ్ స్టార్ట్ పెట్టించాను. నెలకోసారి ఆదివారం పది నిమిషాలు తిప్పుతారు, పొగ వచ్చినప్పుడల్లా ఆవిడ నాకు ఫోన్ చేసి ఒక మాట అంటుంది.

ప్రస్తుతానికి పెండింగులో ఉన్నవి: రెండు పలకలు మూల దగ్గర చెమ్మ కారుతున్నాయి, మార్చాలి. పెద్ద ఇన్వర్టర్ తీసేసి చిన్నది పెడితే ఆ 60 వాట్లు తగ్గుతాయి, పాతదానికి బేరం చూస్తున్నాను. పలకల ఖర్చులో సగం నేను వేసుకుంటానన్నాను, ఆవిడ ఒప్పుకోలేదు. మొత్తం కట్టేసి, పైన నాలుగు ఐసు దిమ్మల బిల్లు మాత్రం విడిగా నా చేతిలో పెట్టింది.